విత్తనపు దోసకాయ ఎవరిది?

ధ్యానమునకు: యెషయా 1:8–9; 2 కొరింథీయులకు 9:6–11



పెరటిలో దోసపాదు పెట్టుకొనిన ప్రతి యింటను ఏటేట ఒక చిన్న ప్రశ్న పుట్టుచుండును. తీగకు కాసిన కాయలలో ఒకటి తక్కినవాటికంటె పెద్దదై, గుండ్రముగా, పసుపుపచ్చగా నిగనిగలాడుచుండును. కోడలు దానిని చూచి, "అత్తయ్యా, ఆ కాయ కోసి పప్పులో వెయ్యనా?" అని అడుగును. "దాని జోలికి పోకమ్మా, అది విత్తనానికి వదిలింది" అని అత్తగారు బదులు చెప్పును. ఆ పూటకు మరియేదో వండుకొందురు.

వినుటకు ఇది వంటింటి మాటయే. అయినను నిలిచి ఆలోచించినయెడల ఇందులో ఒక ధర్మసందేహము దాగియున్నది. ఆ కాయ యెవరిది? పాదు త్రవ్వి నీరు పోసినవారిదా? నేడు ఆకలిగొన్నవారిదా? వచ్చే సంవత్సరము తినవలసిన వారిదా? ఈ మాసము ఈ సంగతిని కొంచెము విచారించుదము.

దోసకాయ మన పల్లెవారికి క్రొత్తది కాదు. దోసకాయ పప్పు, రోటి పచ్చడి, పులుసు, ఆవపిండి కలిపిన దోసావకాయ ఎరుగని యిల్లు మనలో కలదా? తొలకరికి ఒకమారు, వేసవి పంటగా జనవరి ఫిబ్రవరి నెలలలో మరియొకమారు గింజలు పెట్టుదురు. పాదునకు మూడు నాలుగు గింజలు చాలును. పందిరి అక్కరలేదు, తీగ నేలమీదనే ప్రాకును. రెండు నెలలు తిరుగునప్పటికి కాయలు చేతికి వచ్చును. ఎర్ర పెంకుపురుగు లేత ఆకులను తినకుండ మన పెద్దలు తెల్లవారుజామున మంచు తడిమీద పొయ్యిలోని బూడిద చల్లుచుండిరి. కోసిన తరువాత కూడ దెబ్బ తగులని కాయ నీడపట్టున కొన్ని వారములు చెడకుండ నిలుచును. కూరగాయలు కొనుటకు చేతిలో డబ్బు లేని వారమున మూలనున్న రెండు దోసకాయలే యింటి పరువు కాపాడును.

ఒక యింటిలో తల్లి చేతినుండి కుమార్తె చేతికి, అత్త చేతినుండి కోడలి చేతికి వచ్చిన విత్తనమును మనము నాటు విత్తనమందుము. జాగ్రత్తగా తీసిన నాటు గింజను పెట్టినయెడల తల్లి కాయవంటి కాయయే కాయును. అంగడిలో పొట్లములలో అమ్ము సంకర విత్తనము అట్టిది కాదు. రెండు వేరు రకములను కలిపి తీసిన ఆ విత్తనము మొదటి యేట మంచి కాపు నిచ్చును. కాయలన్నియు ఒక్క తీరున నుండును. కాని ఆ కాయల గింజలు దాచి మరల పెట్టినయెడల ఒక్కొక్క తీగ ఒక్కొక్క విధముగా కాయును. కావున ఏటేట కొనవలసినదే. సంతకు పంట వేయు రైతు దానిని కొనుట తప్పని చెప్పుటకు మనమెవరము? అతనికి అప్పులున్నవి, బిడ్డలున్నారు. సంతలో ఒక్క తీరు కాయకే ధర పలుకును. అయితే పెరటి పాదు సంత కొరకు పెట్టినది కాదు. అక్కడ కూడ నాటు విత్తనమును మనము విడిచినయెడల దానిని పట్టుకొనువారెవరు?

పరిశుద్ధ గ్రంథములో దోసకాయల ప్రస్తావన ముఖ్యముగా రెండు చోట్ల కనబడును. మొదటిది సంఖ్యాకాండము 11వ అధ్యాయము. అరణ్యములో మన్నా తిని విసిగిన ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తినిన చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని యేడ్చిరి. వారు తలంచుకొనినది నేటి కీరదోస కాదనియు, ఖర్బూజా జాతికి చెందిన కూరకాయ యనియు, ప్రాచీన చిత్రములను గ్రంథములను పరిశోధించిన జూల్స్ జానిక్, హ్యారీ పారిస్ మొదలగు పండితులు 2007లో వ్రాసిరి. మన పసుపుపచ్చని కూరదోసయు వృక్షశాస్త్రము ప్రకారము ఆ ఖర్బూజా జాతిలోనిదే. కీరదోస వేరు జాతి. నైలునది ఒడ్డున దాసులు తినిన కాయకును మన పెరటి కాయకును చుట్టరికమున్నదన్నమాట. ఆ అరణ్యములో వారికి రుచి జ్ఞాపకమున్నది గాని నాటుటకు నేల లేదు. పోయిన రుచిని తలంచుకొని కన్నీరు విడుచుట తప్ప వారికి మార్గము లేకపోయెను.

రెండవది యెషయా గ్రంథము మొదటి అధ్యాయము. పాడైపోయిన సీయోనును ప్రవక్త దోసపాదులలో వేసిన పాకతో పోల్చెను. మన రైతులకు ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు. కాపు ఉన్నన్నాళ్లు కావలివాడు పాకలో పండుకొనును. కాయలన్నియు కోసికొనిన తరువాత అతడు వెళ్లిపోవును; తాటాకులు ఊడిపోయి, గుంజ ఒరిగి, పాక ఒంటరిగా నిలుచును. అంతకంటె దిక్కులేని దృశ్యము పొలములో మరియొకటి లేదు. కాని ప్రవక్త అక్కడ ఆగలేదు. ఆ వెంటనే, ప్రభువు కొద్దిపాటి శేషమును నిలుపకపోయినయెడల తాము సొదొమవలె నాశనమై యుందుమని చెప్పెను. హెబ్రీ భాషలో శేషమని యున్న ఈ చోట, పూర్వకాలపు గ్రీకు తర్జుమాలో విత్తనము అను మాట వాడబడినది. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయములో ఈ మాటను ఎత్తి వ్రాసినప్పుడు ఆ గ్రీకు మాటనే వాడెను. కాపు ముగిసిన దోసపొలములో విత్తనమునకు కాయ మిగిలియున్నయెడల ఆ పొలము చచ్చినది కాదు. మిగిలినది కొంచెమే; అయినను ఆ కొంచెములో రాబోవు కాపంతయు ఉన్నది.

అయితే ఆ కొంచెమును మిగుల్చుట ఉచితముగా జరుగు పని కాదు. మొదట, ఆ పూట పప్పులోనికి పోవలసిన మంచి కాయను వదలుకొనవలెను. రెండవది, తీగమీద కాయ పూర్తిగా ముదిరి పండువరకు ఉంచినయెడల ఆ తీగ బలము గింజలకు పోయి, క్రొత్త పిందెలు తగ్గును. ఒక్క కాయను వదలినందుకు మరి రెండు మూడు కాయలు నష్టపడవలసి వచ్చును. మూడవది, ఎలుకలనుండి, కోతులనుండి, దారిన పోవు పిల్లలనుండి కొన్ని వారములు దానిని కాపాడవలెను. అందుచేతనే అనేకులు మంచి కాయలన్నియు తిని, చివరకు ఎండిపోవుచున్న తీగకు వ్రేలాడు గిడసబారిన కాయను విత్తనమునకు ఉంచుదురు. ఏటేట ఇట్లు చేయగా చేయగా కాయ చిన్నదై, కాపు సన్నగిల్లి, "నాటు విత్తనములో పస లేదు" అని దానిమీద నింద వేయుదురు. విత్తనము చేసిన నేరమేమి? మనము దానికిచ్చినది అడుగున మిగిలినదే గదా!

మలాకీ కాలమున ప్రజలు కుంటిదానిని, రోగముగలదానిని బలిపీఠమునకు తెచ్చిరి. మంచివి మందలోనే ఉంచుకొనిరి. ప్రవక్త వారిని గద్దించెను. దేవునికి బలిపశువులు తక్కువై ఆయన అడుగలేదు. తమకు ముఖ్యమైనది ఏదో వారు తెలిసికొనవలెనని అడిగెను. మన సంఘములలో పిడికెడు బియ్యము తీయు తల్లులకు ఈ సంగతి బాగుగా తెలియును. ఎసట్లో బియ్యము పోయక ముందే పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. అన్నము తిని మిగిలినది తెచ్చుట వారి ఆచారము కాదు. విత్తనపు కాయ విషయములోను అదే న్యాయము. కాపు మొదలైన దినములలోనే, మంచి తీగకు కాసిన మంచి కాయకు గుర్తుగా ఒక నూలుపోగు కట్టవలెను. కట్టిన తరువాత ఇక దానివైపు కత్తిపీట పోరాదు.

విత్తనము తీయు పద్ధతి తెలిసినవారు చెప్పగా విని నేర్చుకొనవలెను. ఇప్పటి యువతులలో అనేకులకు అది అలవాటు తప్పినది. కాయ తీగమీదనే బాగుగా పండవలెను. కోసిన తరువాత వారము పది దినములు నీడలో ఉంచి, పిమ్మట చీల్చి, గింజలను గుజ్జుతో కూడ మట్టికుండలో వేసి, కొంచెము నీరు పోసి ఒకటి రెండు దినములు ఉంచవలెను. గుజ్జు పులిసి గింజ విడిపోవును. అప్పుడు నీరు నిండుగా పోసినయెడల గట్టి గింజలు అడుగునకు దిగును, తాలు గింజలు తేలును. తేలినవాటిని పారబోసి, దిగినవాటిని కడిగి, నీడలో పలుచగా ఆరబెట్టి, జల్లించిన బూడిద కలిపి తడి తగులని చోట దాచవలెను. ఒక్క కాయనుండియే గాక మూడు నాలుగు తీగల కాయలనుండి గింజలు తీసి కలుపుట మేలు.

ఇంకొక జాగ్రత్త కలదు. తేనెటీగలు మన దడులను గట్లను లెక్కచేయవు. కూరదోస ప్రక్కన ఖర్బూజా గాని, పండి పగులు దోసపండు గాని ఉన్నయెడల అవి ఒకే జాతివగుటచేత పుప్పొడి కలియును. కీరదోసతో మాత్రము కలియదు. కలిసినను ఈ యేటి కాయలో ఆ తేడా కనబడదు. వచ్చే యేట ఆ గింజ మొలచి కాసినప్పుడే బయటపడును. అందుకని జాగ్రత్తపరులు, మరునాడు విచ్చుకొనబోవు మొగ్గలను, అనగా క్రింద పిందె ఉన్నదానిని, పిందె లేని పోతుమొగ్గను, సాయంకాలమే దారముతో కట్టుదురు. తెల్లవారిన తరువాత విప్పి, పోతుపువ్వు పుప్పొడిని పిందెగల పువ్వునకు అద్ది, మరల కట్టి గుర్తు పెట్టుదురు. విత్తనము తీయుదినమున కాయ ముక్కను నాలుక కొసకు తాకించి చూడవలెను. చేదైనయెడల ఆ గింజలు ఎంత గట్టివైనను పారవేయవలెను.

ఎందుకింత శ్రమ అందురేమో. మన గింజను పొరుగింటివారు నమ్మకముతో నాటుకొందురు. మూడు నెలలు నీరు పోసి, చివరకు చేదు కాయ కోసికొనినయెడల వారి శ్రమకు ఎవరు ఉత్తరవాదులు? దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథము మనకు నేర్పినది. మంచిచెడ్డలు చూడక ఇచ్చిన విత్తనము త్రాసు లేకుండ చేసిన దొంగ తూకమే.

ఇప్పుడు కఠినమైన ప్రశ్నకు వత్తము. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచియుండగా విత్తనమని చెప్పి కాయను దాచుట ధర్మమా?

ఈ ప్రశ్న లోకములో నిజముగా ఎదురైన చోటు ఒకటి కలదు. రష్యాలో లెనిన్‌గ్రాడు పట్టణమును శత్రుసేనలు 1941 సెప్టెంబరునుండి 1944 జనవరివరకు ముట్టడించెను. లక్షలాది జనులు ఆకలిచేత మరణించిరి. ఆ పట్టణములో, నికొలాయ్ వావిలోవ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు దేశదేశములు తిరిగి కూర్చిన విత్తనముల నిలయము ఉండెను. వావిలోవ్ అప్పటికే తన దేశ ప్రభుత్వముచేతనే చెరలో వేయబడి, 1943 జనవరిలో అక్కడనే మరణించెను. ఆయన తోటివారు మాత్రము గోధుమలు, వరి, వేరుశనగలు చుట్టునుండగా ఒక్క గింజయైనను తినక వాటిని కాచిరి. వారిలో అనేకులు ఆకలికి కూలిరి. వరి విత్తనములకు కావలియున్న ద్మీత్రి ఇవానోవ్ వరి పొట్లముల మధ్యనే ఆకలితో మరణించెను.

వారు చేసినది సరియేనా? వారు ఇతరుల నోటినుండి తీసి తాము దాచుకొనలేదు. తమ నోటినే కట్టుకొనిరి. ఇక్కడనే భేదమున్నది. నా ఆకలిని నేను ఓర్చుకొని విత్తనమును కాపాడుట త్యాగము. పొరుగు బిడ్డ ఆకలిని చూచుచు విత్తనమును కాపాడుట త్యాగమనిపించుకొనదు. దావీదును అతనితోకూడ నున్నవారును ఆకలిగొనినప్పుడు యాజకుడు సముఖపు రొట్టెలనే తీసి యిచ్చెను. ప్రత్యేకింపబడినదైనను ఆకలిగొన్నవాని యెదుట మూసియుంచబడలేదు. మన ప్రభువు ఆ కార్యమును తప్పుపట్టక, దానిని దృష్టాంతముగా చెప్పెను. కావున వాకిట నిజమైన ఆకలి నిలిచిననాడు విత్తనపు కాయనైనను కోసి పెట్టవలసినదే.

అట్లయితే విత్తనము పోవును గదా? పోవును; ఆ విత్తనము ఒక్క యింటిలోనే ఉన్నయెడల తప్పక పోవును. పది యిండ్లలో ఉన్నయెడల పోదు. మన యింటి విత్తనపు కాయ ఆకలిగొన్నవారికి పెట్టిననాడు, పోయిన యేట మనము గింజలిచ్చిన పొరుగింటి తల్లి మరల మనకు పిడికెడు ఇచ్చును. విత్తనమును ముందుగానే పంచిపెట్టినవాడు ఆకలిగొన్నవానికి ధైర్యముగా అన్నము పెట్టగలడు. పంచనివాడు మాత్రము రెండు ధర్మములమధ్య చిక్కుకొని, దేనిని నెరవేర్చినను రెండవదానిని పోగొట్టుకొనును. పరమునుండి విత్తనమును ఆహారమును రెండును వచ్చుచున్నవని పౌలు కొరింథీయులకు వ్రాయుచు ఔదార్యమునుగూర్చి మాటలాడుట ఊరకనే కాదు. ఔదార్యము ఉన్నచోటనే ఆ రెండింటికి పొత్తు కుదురును.

దేశముల సంగతియు ఇట్లేయున్నది. సిరియా దేశములో అలెప్పో పట్టణము దగ్గర ఇకార్డా అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు పెద్ద విత్తన నిలయముండెను. వారు తమ విత్తనములలో ఒక పాలు నార్వే దేశపు మంచు దీవియైన స్వాల్‌బార్డులో 2008లో తెరువబడిన విత్తనపు కొట్టునకు పంపియుంచిరి. సిరియాలో యుద్ధము వచ్చి, తమ నిలయములో పని సాగించుట వారికి అసాధ్యమాయెను. అప్పుడు 2015లో స్వాల్‌బార్డునుండి తమ గింజలను తెప్పించుకొని, లెబానోను, మొరాకో దేశములలో నాటి పెంచి, 2017లో కొంత పాలు మరల ఆ కొట్టునకు పంపిరి. ఇంటిలో పెట్టుకొనినది చేతికి అందకపోయెను. బయటికి పంపినది తిరిగి వచ్చెను. ఆ పెద్ద కొట్టునకును మన పొరుగింటి బూడిదకుండకును నేర్పు ఒకటే.

రాజుల మొదటి గ్రంథములో నాబోతు సంగతి చదివియున్నాము. అహాబు రాజు కూరతోట కొరకు నాబోతు ద్రాక్షతోటను అడిగెను. పితరుల స్వాస్థ్యమును ఇయ్యనని నాబోతు చెప్పెను. అతడు చెప్పినది న్యాయమే. భూమి ఇచ్చినయెడల మనకు లేకుండ పోవును. నలుగురు కుమారులు పంచుకొనినయెడల నాలుగవ వంతు వచ్చును. విత్తనము కూడ పితరుల స్వాస్థ్యమే గాని దాని గుణము వేరు. ఒక్క దోసకాయలో వందలకొలది గింజలుండును; మన పెరటికి పది గింజలు చాలును. నలుగురికి పంచినయెడల నలుగురికి నాలుగు పాదులు నిండుగా వచ్చును, మన పాదు తగ్గదు. భూమిని నిలుపుకొనవలెనన్న పట్టుకొనవలెను. విత్తనమును నిలుపుకొనవలెనన్న చేయి విప్పవలెను. ఈ భేదము తెలియకనే కొందరు "మా యింటి విత్తనము" అని గర్వముగా దాచి, ఒక యేట వాన తప్పగా, లేదా గింజలకు పురుగు పట్టగా, ఊరిలో ఎవరియొద్దను లేకుండ చేసికొందురు.

మన దేశములో 2001 సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన పొలములో పండించిన విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు, అమ్ముటకు హక్కు ఇచ్చినది. చట్టరక్షణ గల రకమును దాని ముద్రతో అమ్ముట మాత్రమే కూడదు. హక్కు ఉండుట మంచిదే. కాని పంచుకొనుటకు హక్కు ఉన్నంత మాత్రమున ఎవరును పంచరు. ఉచితముగా పొందినదానిని ఉచితముగా ఇయ్యుడని ప్రభువు తన శిష్యులకు చెప్పిన మాట ఎవరి హృదయములో ఉన్నదో వారే పంచుదురు. మన చేతిలోని గింజను మనము సృష్టించలేదు. ఎవరో పేరు తెలియని అవ్వ ఒక కరవు సంవత్సరమున తన ఆకలి ఓర్చుకొని దానిని మిగిల్చియుండవచ్చును. ఆమెకు మనము తీర్చుకొనగల ఋణము ఒకటే: ఆమె మనకు చేసినట్లు మనము మరియొకరికి చేయుట.

కావున విత్తనపు దోసకాయ ఎవరిది అను ప్రశ్నకు ఇట్లు చెప్పుదము. అది కాసినది మన పెరటిలోనే. అయినను మనము దానికి గృహనిర్వాహకులము, యజమానులము కాము. అందులో ఒక పాలు రాబోవు యేటిది, ఒక పాలు పొరుగువానిది. వాకిట ఆకలి నిలిచినయెడల అంతయు ఆ ఆకలిదే.

మన సంఘములలో కోతపండుగనాడు గుమ్మడికాయలు, అరటిగెలలు, దోసకాయలు తెచ్చి అర్పించుచున్నాము. వేలము పాడుకొని ఇండ్లకు కొనిపోవుచున్నాము. ఈ సంవత్సరము స్త్రీల సమాజమువారు మరియొక చిన్న పని చేసినయెడల బాగుండును. ప్రతి తల్లి తన యింటి నాటు విత్తనములను, దోసగాని, బీరగాని, చిక్కుడుగాని, కాగితములో చిటికెడు కట్టి తేవలెను. వాటికి వేలముండరాదు. పెరడు ఉండి విత్తనము లేని ప్రతి కుటుంబమునకు, మన సంఘమువారు కాని ఇరుగుపొరుగువారికి సహితము, ఒక్కొక్క పొట్లము ఇచ్చి పంపవలెను. తీసికొనినవారు వచ్చే కోతపండుగకు తమ తీగనుండి మరియొక పొట్లము తెచ్చినయెడల అదే బాకీ తీరినట్లు.

విత్తనమును ఆహారమును దయచేయు దేవుడు మన పెరడులను, మన చేతులను దీవించును గాక. ఆమేన్.